ఎదురింటి వదిన మొక్కు

మొన్న ఆదివారం మా కలకత్తా చర్చిలో రెండో పూజ అయ్యాక, కొత్తగా వచ్చిన సిస్టరమ్మ నన్ను గుడి వెనక గదిలోకి పిలిచి తన ఫోను చూపించింది. భద్రమైన అభ్యంగనానికి, అదే కన్ఫర్మేషన్‌కి, తయారయ్యే పిల్లలు ఇకమీదట ప్రశ్నలు కాగితం మీద రాయక్కర్లేదట, ఫోనులో రాసి పంపేస్తే చాలట. "ఎవరు రాశారో నాకు కూడా తెలియదు ఆంటీ, పేరే కనబడదు" అని ముచ్చటగా చెప్పింది. చిన్న వయసు, తెలంగాణ నుంచి వచ్చిన పిల్ల, ఏ పనైనా శ్రద్ధగా చేస్తుంది. బాగుందమ్మా అని నవ్వబోయాను. నవ్వు వెనకాలే కళ్ళలోకి నీళ్ళు కూడా వచ్చేశాయి. ఆ అమ్మాయి కంగారుపడి ఫ్యాను నా వైపు తిప్పింది. ఉక్కకి కాదమ్మా, పాత సంగతొకటి గుర్తొచ్చింది అన్నాను. చెప్పమంది. ఇంట్లో పొయ్యి మీద అన్నం పెట్టకుండా, మధ్యాహ్నం పన్నెండున్నరకి గుమ్మంలో నిలబడి చెప్పగలిగే సంగతి కాదది. అందుకని ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా చదువు సంగతి చెప్పాలి, లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. నేను బడికి వెళ్ళలేదు. ఆరేళ్ళప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి రెండేళ్ళు మంచం దిగలేదు. దిగేసరికి నా ఈడు పిల్లలు మూడో తరగతిలో ఉన్నారు. ఒకటో తరగతిలో, నా భుజం దాకా కూడా రాని వాళ్ళ మధ్య కూర్చోవడం నామోషీ అనిపించి వెళ్ళనన్నాను. మా నాన్న డాక్‌లో ఖలాసీ, ఓడల్లోకి బస్తాలు ఎక్కించడం, దించడం ఆయన పని. శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఆయన తండ్రి ఉపదేశిగా ఉండి, ఫాదర్లు రాని వారాల్లో జనం చేత ప్రార్థన చెప్పించేవాడట. ఆ తాతగారి ప్రార్థన పుస్తకమే నాన్న కలకత్తా తెచ్చుకున్న ఆస్తి. సాయంత్రం పని నుంచి వచ్చి, చెవుల్లో ఇరుక్కున్న జనపనార పీచు దాకా కడుక్కుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పుస్తకంలోంచే అక్షరాలు చెప్పేవాడు. ప అంటే పరలోకం, మ అంటే మరియమ్మ. పలక, బలపం అని రాయడం కంటే ముందు పాపసంకీర్తనం అని రాయడం వచ్చింది నాకు. ఇంత ఓపికగల గురువుని ఇంట్లోనే ఇచ్చినందుకు ఇప్పటికీ పొద్దున లేవగానే దేవుడికి ఒక దండం పెట్టుకుంటాను. కానీ నాన్నకి వచ్చిన చదువు తెలుగొక్కటే, అందుకని నాకూ అదొక్కటే వచ్చింది. బెంగాలీ మాట్లాడమంటే చేపల బజారులో ఎవరికీ తీసిపోను. చదవడం మాత్రం రాలేదు. ఆ అక్షరాలన్నీ పైన ఒక గీతకి వేలాడుతూ ఉంటాయి కదా, నా కంటికి అవి దండెం మీద ఆరేసిన బట్టల్లాగే ఉండేవి. బస్సుని నంబరు చూసి ఎక్కేదాన్ని. కరెంటు బిల్లు, రేషన్ కాగితం ఎదురింటి వదిన చదివిపెట్టేది.

ఎదురింటి వదిన కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చే పని చేసేది. ఆవిడ నాకు వదిన, నేనూ ఆవిడకి వదినే. ఎవరు ఎవరికి ఆడపడుచో ముప్పయ్యేళ్ళయినా తేలలేదు. కార్పొరేషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా బెంగాలీలో చదువుకుంది. భర్త చెత్త లారీ నడిపేవాడు, నెమ్మదస్తుడు, ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. మా రెండిళ్ళకీ మధ్య సందు ఎంత వెడల్పంటే, ఆవిడ గుమ్మంలో నిలబడి చారు గిన్నె చాపితే నేను మా గుమ్మంలోంచి అందుకునేదాన్ని. ఒక్కటే లోపం, లేదా ఒక్కటే గొప్ప: అన్న మాట వెనక్కి తీసుకోదు. చేపలవాడితో గొడవపడి ఇక నీ దగ్గర కొనను అన్నందుకు పదకొండేళ్ళు వేరే బజారుకి నడిచి వెళ్ళింది.

తొమ్మిదేళ్ళ కిందట, ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలం మొదలవుతుండగా, మా పిల్లలకి పాఠం చెప్పే సిస్టరుకి బదిలీ అయింది. మా విచారణ గురువు, అంటే మా గుడి ఫాదరు, బెంగాలీ ఆయన, మాతో హిందీలో మాట్లాడేవారు. నన్ను పిలిచి, తెలుగు పిల్లలు పదకొండు మంది ఉన్నారు, ఆరు ఆదివారాలు ప్రేమ గురించి, ఒంటి గురించి, దైవపిలుపు గురించి మీరే చెప్పాలి అన్నారు. బడి మొహం చూడనిదాన్ని, పైగా ఇలాంటి సంగతులు, ఆ పిల్లలకి తెలుగు చదవడం కూడా రాదు అన్నాను. ఆయన తాపీగా, "వాళ్ళకి లెక్కలు బెంగాలీలో వస్తాయి మాసీ, తిట్లు హిందీలో వస్తాయి. ఏడుపు మాత్రం మీ భాషలోనే వస్తుంది" అన్నారు. అని, ఇంగ్లీషులో ఉన్న ఒక పలచటి పుస్తకం చేతిలో పెట్టారు. నాకు బొమ్మలు తప్ప ఏమీ అర్థం కాలేదు. బొమ్మలు అర్థమయ్యాక పుస్తకానికి పాత క్యాలెండరు అట్ట వేసి బియ్యం డబ్బా కింద దాచాను. బొద్దింకల మందు పెడదామని డబ్బా జరిపి మా ఆయన దాన్ని చూడనే చూశారు. అన్నం తిని, చెయ్యి కడుక్కుంటూ, "ఏటే, ఈ వయసులో పరీక్షకి కడతన్నావేటి?" అన్నారు.

పుస్తకం పక్కన పెట్టి నాకు తెలిసింది చెప్పాను. ఒళ్ళు దేవుడే చేశాడు, చేసి బాగుందనుకున్నాడు, కాబట్టి దాని గురించి అడగడం సిగ్గు కాదు, దాన్ని అగౌరవపరచడమే సిగ్గు అన్నాను. జ్ఞానస్నానంలో ఈ ఒంటి మీదే నీళ్ళు పోశారు, ఈ నుదుటికే తైలం పూశారు, ఆత్మని విడిగా తీసి పూయలేదు కదా అన్నాను. ప్రేమ గురించి నాకు తెలిసిన పాఠం ఒక్కటే. పెళ్ళయిన కొత్తలో మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు, బెరుకు. ఇంతలో నాకు పాత జ్వరం తిరగబెట్టింది. పొయ్యి అంటించడం తెలియని మనిషి గంజి కాచి అడుగంటించారు. పైనున్న తెల్లటిది నాకు పోసి, అడుగున మాడింది తాను గీకుకుని తిన్నారు, వెనక్కి తిరిగి, నేను చూడకుండా. ఇది చెబితే పిల్లలు కదలకుండా విన్నారు. ఆఖరికి ముందు వరసలో ఒక పిల్ల, "గంజి వద్దు గానీ అత్తా, నెల నెలా మొబైల్ రీఛార్జి చేయించీవోడైతే సాలు" అంది. ఆ గదిలో అంత నవ్వు అంతకు ముందు ఎప్పుడూ పుట్టి ఉండదు. ఆ నవ్వు వల్లే వాళ్ళు నన్ను నమ్మారు.

నమ్మారు కాబట్టే రెండో ఆదివారం, నోటితో అడగలేనివి చీటీల మీద రాసి ఇమ్మన్నాను. పేరు రాయక్కర్లేదన్నాను. "నేను తప్ప ఎవరూ చదవరు" అని గోడ మీది సిలువ వైపు చూసి మరీ మాట ఇచ్చాను. పదకొండు చీటీలు వచ్చాయి. ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, ప్రార్థన పుస్తకం మీద పరుచుకుని చూద్దును కదా, అన్నీ దండెం మీద ఆరేసిన బట్టలే. మాట తెలుగే, రాసింది బెంగాలీ అక్షరాల్లో. తెలుగు రాయడం రాని పిల్లలు ఇంకెలా రాస్తారు? అంత చిన్న సంగతి నాకు ముందే తట్టకపోవడం చూస్తే, బలవంతంగానైనా బడికి పంపనందుకు మొదటిసారి నాన్న మీద కోపం వచ్చింది, వెంటనే లెంపలేసుకున్నాను. మా ఆయనకీ చదవడం రాదు. రెండు రోజులు ఆ చీటీలు పుస్తకంలో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు కరెంటు బిల్లు పట్టుకెళ్ళినట్టే ఎదురింటి వదిన దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆవిడ కూతురు కూడా ఆ పదకొండు మందిలో ఉంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. ఆ పిల్లకి అడగడానికి ఏముంటుందిలే అనుకున్నాను. ఎందుకు అలా అనుకున్నానో చెప్పాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి.

వదినకి మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ దక్కలేదు. తరవాత ఈ ఆడపిల్ల. రెండో నెలలో నెమ్ము చేసింది. ఆసుపత్రిలో డాక్టరు, చెప్పలేం అని వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం మూడు గంటల వేళ, వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని వదిన అంది: "అమ్మా మరియమ్మా, ఈ గుంటని బతికించు, నీకే ఇచ్చేస్తాను, మఠంలో ఎట్టేస్తాను." పక్కన నేను వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. మంచి మాట అన్నావు వదినా అన్నాను. పొద్దు గూకే వేళకి బిడ్డ పాలు పట్టుకుంది. మా వాళ్ళలో ఇలా మొక్కుకున్న బిడ్డల్ని మొక్కుబిడ్డ అని వేరుగానే చూస్తారు. ఆ పిల్ల నడక నేర్చే ముందే సందులో అందరికీ సిస్టరమ్మ అయిపోయింది. తెల్ల గౌన్లే కుట్టించారు. సరస్వతి పూజ రోజున బడిలో ఆడపిల్లలంతా పసుపు చీరలు కట్టి కిలకిలలాడుతూ పోతుంటే, ఇది తెల్ల చుడీదారులో వాళ్ళ పక్కన నడిచేది. మిఠాయి కొట్టు దాదా కూడా రసగుల్లా ఇస్తూ సిస్టర్ అని పిలిచేవాడు. ఎవరూ వెక్కిరించి కాదు, ప్రేమతోనే. అంత ప్రేమ మధ్య ఆ పిల్లని ఎవరూ ఏమీ అడగలేదు. పదో తరగతి మాధ్యమిక్ పరీక్షలు అయిపోతున్నాయి, జూన్‌లో ఆంధ్రాలో ఒక మఠానికి పంపాలి, రేకు పెట్టె కూడా కొనేశారు.

ఇక ఆ మధ్యాహ్నం. వదిన డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని కూర్చుంది. నేను టీ పట్టుకెళ్ళాను. ఎవరి రాత అని చూడొద్దు, కరెంటు బిల్లు చదివినట్టు చదివెయ్ అన్నాను. సరే అంది. మొదటి చీటీ: నెలసరి వచ్చినప్పుడు సత్ప్రసాదం తీసుకోవచ్చా. రెండోది: ముద్దు పెట్టుకుంటే పాపసంకీర్తనంలో చెప్పాలా, చెబితే ఎవర్ని అని ఫాదర్ అడుగుతారా. వదిన టీ పొలమారేలా నవ్వింది. మన కాలంలో ఇవి అడిగితే చెవులు మెలిపెట్టేవోళ్ళు అంది. మూడోది, నాలుగోది కూడా అలాంటివే. అయిదోది విప్పి అదే గొంతుతో మొదలుపెట్టింది.

"మా అమ్మ మొక్కుకుంది. నాకు ఇట్టమో కాదో ఎవులూ అడగనేదు. నాను మఠానికి ఎల్లకపోతే, అప్పుడు ఇచ్చిన పేనం దేవుడు ఎనక్కి తీసేసుకుంటాడా?"

చివరి మాటకి వచ్చేసరికి గొంతు నెమ్మదించింది కానీ ఆగలేదు, మొత్తం చదివింది. ఆ చీటీని పాత మడతల మీదే మళ్ళీ మడిచి, మిగతా వాటి మధ్య పెట్టి, మొత్తం కట్ట నా చేతికి ఇచ్చింది. మిగిలినవి ఇంకోరోజు చదువుతాను వదినా అని లేచి, ఆరని జుట్టే ముడి వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. పదహారేళ్ళ పిల్ల, ఎదురింట్లో, రోజూ నా చేతి చారు తాగి పెరిగిన పిల్ల, ఇష్టం లేదంటే చచ్చిపోతానేమో అని భయపడుతూ బతుకుతోంది. ఆ భయానికి వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నేను సాక్షిని.

మర్నాడు కుళాయి దగ్గర వదిన నన్ను చూసి, బిందె నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది. తల్లి రాత్రి చీటీ మాట ఎత్తిందేమో, ఆ సాయంత్రం పిల్ల మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "అత్తా, మీరు తప్ప ఎవులూ సదవరన్నారు" అంది. అంతే. అరవలేదు, ఏడవలేదు. వెనక్కి తిరిగి మూడంగల్లో సందు దాటి తలుపు వేసుకుంది. నా జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు, డాక్ గేటు దగ్గర నిలబడి పాతికేళ్ళు టిఫిన్లు అమ్మినదాన్ని. ఏ మాటా అంత లోతుకి దిగలేదు.

మూడో ఆదివారం ఆ పిల్ల పాఠానికి రాలేదు. నేను మిగతా పది మంది ముందు నిలబడి, నాకు బెంగాలీ చదవడం రాదనీ, మీ చీటీలు ఇంకొకరి చేత చదివించాననీ, మాట తప్పాననీ చెప్పేశాను. ఎవరి చేత, ఏ చీటీ అన్నది చెప్పలేదు. క్షమించమన్నాను. పెద్దవాళ్ళు క్షమించమని అడగడం వాళ్ళకి అలవాటు లేదు, ఎటు చూడాలో తెలియక కాళ్ళ వైపు చూశారు. ఆఖరికి వెనక బెంచీ పిల్లాడు ఒకడు, పెద్ద అల్లరివాడు, "మరి రాదని ముందే సెప్పొచ్చు గదా అత్తా, మేమే నేర్పుదుం కదేటి" అన్నాడు. అన్నట్టే నేర్పారు. నాలుగు రోజులు బడి అయ్యాక వంతుల వారీగా మా ఇంటికొచ్చి నా చేత దిద్దించారు. తప్పు రాస్తే మా నాన్న కూడా అంత గట్టిగా కసరలేదు. ఆ వారాంతానికి పదకొండు చీటీలూ కూడబలుక్కుని నేనే చదువుకున్నాను. అయిదోది చదవడానికి గంట పట్టింది, సగం రానందుకు, సగం కన్నీళ్ళకి.

చదివాను కానీ జవాబు తెలియదు. నా మనసుకి తోచింది నాకు ఉంది, కానీ మొక్కు అంటే దేవుడికి ఇచ్చిన మాట, నాకు తోచింది సరిపోదు. ఫాదరుగారి దగ్గరికి వెళ్ళి, ఎవరని చెప్పకుండా అడిగాను. ఆయన ఎవరో గ్రహించారనే అనుకుంటాను, కానీ అడగలేదు. "మొక్కు ఎవరు మొక్కితే వాళ్ళది, మాసీ. ఒకరి నోటితో మొక్కి ఇంకొకరి కాళ్ళతో నడిపించడం కుదరదు. తల్లి తన మాట దేవుడి దగ్గర మార్చుకోవచ్చు, అందుకే నేనున్నాను. పిల్ల మాత్రం స్వేచ్ఛగా వెళ్ళాలి, లేదా వెళ్ళకూడదు" అన్నారు. ఆ మఠం సిస్టర్లు కూడా ఇష్టం లేకుండా ఎవర్నీ చేర్చుకోరు, అడుగుతారు, అని కూడా చెప్పారు. అడుగుతారు, నిజమే. కానీ మా పిల్ల పుట్టినప్పటి నుంచీ ఇష్టమే అని చెప్పడం అలవాటు చేసుకుంది, అడిగితే ఆ మాటే చెబుతుందని నాకు తెలుసు.

పిల్లని ఫెర్రీ ఘాట్‌కి తీసుకెళ్ళాను, రొయ్యలు కొనాలి తోడు రమ్మని. వచ్చింది, మొహం ముడుచుకునే. మెట్ల మీద కూర్చుని ఇక్కడ ముడి అనే బొరుగుల పొట్లం ఒకటి ఇద్దరం పంచుకున్నాం. ముందు దాని దగ్గర కూడా క్షమాపణ అడిగాను. అది అటు ఓడల వైపు చూస్తూ బొరుగులు నములుతూ ఉంది. తరవాత, పెద్దరికం ఊరుకోదు కదా, ఎవరైనా అబ్బాయి ఉన్నాడా అని అడిగాను. దానికి ఫక్కున నవ్వొచ్చింది. "ఉంటే బావున్ను అత్తా, సెప్పడానికి కారణమైనా ఉండును" అంది. నవ్వుతూనే ఏడ్చింది. ఎవరి మీదా ప్రేమ లేదు, మఠం మీద పగ లేదు, సిస్టర్లంటే ఇష్టమే. తనకి ఏం కావాలో తనకే తెలియదు, తెలుసుకునే వీలే రాలేదు. పండక్కి చేపా కోడా అని అడుగుతారు గానీ ఇది ఎవరూ అడగలేదు అంది. నీ చీటీకి జవాబు చెప్పనా అన్నాను. తలూపింది. "ఆ రోజు మీ అమ్మ పక్కన నేనున్నాను. దేవుడు చూసింది ఆవిడ ఏడుపుని తల్లీ, మొక్కుని కాదు. ఏడుపు చూసి ఇచ్చినవాడు వెనక్కి తీసుకోడు." ఒక ఫెర్రీ వచ్చి, జనాన్ని దించి, వేరే జనాన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత నా భుజం మీద తల పెట్టింది. పదహారేళ్ళలో ఆ పిల్ల ఒంటి బరువు అంత తేలికపడగా నేను ఎప్పుడూ చూడలేదు.

తల్లి దగ్గర అంత సులువు కాలేదు. వదిన గుమ్మంలో కూర్చుని ఎండు చేపల తలలు తీస్తోంది. నేను అడక్కుండానే ఎదురుగా కూర్చుని నాలుగు చేపలు లాక్కుని తలలు తీయడం మొదలుపెట్టాను. ఫాదరుగారు చెప్పిన మాట చెప్పాను. "ఫాదరుకేటి తెలుసు, ఆయన పిల్లని కన్నాడేటి?" అంది. ఇంకో పది చేపలయ్యాక, దేవుడికిచ్చిన మాట తప్పితే ఆ పిల్లకి ఏదైనా అయితే ఎవరిది పూచీ అని అడిగింది. అప్పుడు అర్థమైంది నాకు. పిల్ల చీటీలో రాసిన భయం పిల్లది కాదు, తల్లిది. పదహారేళ్ళుగా ఆవిడ పట్టుదల అని మేమందరం అనుకున్నది ఆ వరండాలో పట్టుకున్న ఊచలే, ఇంకా వదల్లేదు.

"ఆ రోజు నా దగ్గర ఇంకేటీ నేదు వదినా ఇయ్యడానికి. అదొక్కతే ఉంది" అంది.

"నువ్వున్నావు కదా వదినా" అన్నాను.

నేను ఆలోచించి అన్న మాట కాదది. ఎండు చేప చేతిలో పట్టుకుని, ముక్కు చీదుకుంటూ అన్నాను. ఆవిడ చెయ్యి ఆగింది. నా వైపు చూసింది, అంతకు ముందు నన్నెప్పుడూ చూడనట్టు. మళ్ళీ చేపల్లోకి తలవంచుకుంది. నేను చెడగొట్టాననే అనుకుని ఇంటికొచ్చి జపమాల పట్టుకున్నాను.

తరవాతి వారం ఆవిడ సెలవు రోజున, పెళ్ళినాటి చీర కట్టుకుని ఒక్కతే గుడికి వెళ్ళింది. అక్కడ జరిగింది తరవాత ఫాదరుగారే నవ్వుతూ చెప్పారు. మొక్కు మార్చుకోవడానికి వచ్చానందట. సరే, ఏడు శుక్రవారాలు ఉపవాసం ఉండమన్నారట. అది చాలదందట. పోనీ ఏడాది పాటు రోజూ జపమాల అన్నారట. అదెలాగూ చెప్పుకుంటాను కదా అందట. చేపల బజారులో తగ్గించమని బేరమాడేవాళ్ళని చూశాను గానీ పెంచమని ఆడేవాళ్ళని చూడలేదు మాసీ అన్నారాయన. చివరికి ఆవిడే తేల్చింది: సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమంలో ముసలమ్మలకి, ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు, ప్రతి ఆదివారం స్నానం చేయించి తలలు దువ్వుతానంది. వారమంతా ఊరి వీధులు ఊడ్చే చేతులు. ఫాదరుగారు చెయ్యి చాపి ఆశీర్వదించి, మీ మాట మీరు నిలబెట్టుకున్నారు, అమ్మాయి అమ్మాయిదే అని పంపారట. ఆ సాయంత్రం వదిన ఇంట్లో అన్నం వడ్డిస్తూ కూతుర్ని, నీకేటి కావాలో నువ్వే సెప్పు, తొందర నేదు అందట. పిల్ల చెప్పలేకపోయింది. మర్నాడు పొద్దున పసుపు చుడీదారు కావాలంది. వదిన నన్ను కూడా తోడు తీసుకుని వెళ్ళి కొంది, దాని రంగు గురించి కొట్టువాడితో అరగంట గొడవపడింది.

ఇప్పుడు ఆ పిల్లకి ఇరవై అయిదేళ్ళు. సాల్ట్ లేక్‌లో ఒక ఆసుపత్రి లేబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఆదివారాలు నాతో పాటు గుడి వెనక గదిలో కూర్చుంటుంది, నేను చెప్పలేనివి నాకంటే సూటిగా, సిగ్గు లేకుండా, గౌరవం తగ్గకుండా చెబుతుంది. మధ్యలో రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి దానికి నచ్చలేదు, ఇంకో దాంట్లో వాళ్ళకి ఇది నచ్చలేదు, రెండింటికీ నేను సమానంగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఒక వేసవిలో తనంతట తానే ఆంధ్రాలో ఆ మఠానికి వెళ్ళి పది రోజులు ఉండి వచ్చింది. నేనూ వదినా ఊపిరి బిగబట్టుకున్నాం. వచ్చాక, వంకాయ కూర బాగా వండుతారని మాత్రం చెప్పింది.

పోయిన నెలలో ఒక పిల్ల ఉండబట్టలేక అడిగేసింది, "దీదీ, నువ్వు పెళ్ళి చేసుకుంటావా, మఠానికి ఎల్తావా?" అని. గదిలో అందరూ నిటారుగా కూర్చున్నారు. "ఇంకా వింటన్నాను. ఆయన పిలిస్తే నాకే వినబడాల గదా" అంది మా పిల్ల, నవ్వుతూ. అప్పటికే వృద్ధాశ్రమం నుంచి వచ్చి, కూతుర్ని ఇంటికి తీసుకెళ్దామని వదిన గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి ఇంకా సబ్బు వాసన. ఆ మాట ఆవిడా విన్నది. చెప్పులు విప్పి, గోడవారగా నేల మీద కూర్చుని, పాఠం అయ్యేదాకా ఆగింది. ఆసుపత్రి వరండాలో తల్లి ఒక్క నిమిషంలో చెప్పేసిన జవాబుని కూతురు తొమ్మిదేళ్ళుగా వెతుక్కుంటోంది. కాలాన్ని దేవుడు ఇంత విస్తారంగా చేసింది ఇందుకేనేమో, ఒకరు వెతుక్కుంటుంటే ఇంకొకరు గుమ్మంలో కూర్చుని ఆగడానికి.